చేతి రేడియోకు 40 మీటర్ల బ్యాండు యాంటెన్నా: కాయిల్ చుట్టడం నుంచి ట్యూనింగ్ దాకా

అనంతపురంలో హ్యామ్ (అమెచ్యూర్ రేడియో) మిత్రులు కలిసినప్పుడల్లా నన్ను అడిగే ప్రశ్న ఒకటే. "5 వాట్ల చిన్న రేడియో తీసుకున్నాను. ఏరియల్ తగిలించాను. నాకు అందరూ వినపడుతున్నారు, నేను మాత్రం ఎవరికీ వినపడటం లేదు. ఎందుకు?" కర్నూలు, కడప నుంచి ఫోన్ చేసేవాళ్లదీ ఇదే బాధ. ఒక్కొక్కరికీ ముక్కలు ముక్కలుగా చెప్పేకంటే మొత్తం ఒకేచోట రాయడం మేలనిపించింది.

ఇక్కడ చెప్పేది 7 మెగాహెర్ట్జ్, అంటే 40 మీటర్ల బ్యాండు గురించి. మన దేశంలో ఇది 7.000 నుంచి 7.200 దాకా. 14 మెగాహెర్ట్జ్‌కు ఏమేం మార్చాలో అక్కడక్కడా చెబుతాను.

## 1. ముందు అర్థం కావలసినది

7.1 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు 42 మీటర్ల పైచిలుకు. అందులో పావు వంతు పదిన్నర మీటర్లు. మన చేతిలో ఉన్న ఏరియల్ ఒకటిన్నర మీటరు. తక్కువైన పొడవును కాయిల్‌తో సర్దుతాం. కాయిల్ సర్దేది రిజొనెన్స్‌ను, అంటే ఆ ఫ్రీక్వెన్సీకి కుదరడాన్ని మాత్రమే. పోయిన పొడవును అది తిరిగి తేలేదు.

లెక్క చూడండి. 1.5 మీటర్ల ఏరియల్‌కు 7 మెగాహెర్ట్జ్‌లో రేడియేషన్ రెసిస్టెన్స్ (గాలిలోకి వెళ్లే పవర్‌కు లెక్క) సుమారు అర ఓమ్. కాయిల్‌లో నష్టం 7, 8 ఓమ్‌లు. నేల వైపు, చేతి వైపు నష్టం ఇంకో పదో పదిహేనో. 5 వాట్లు పంపితే ఏరియల్ నుంచి గాలిలోకి వెళ్లేది అందులో చాలా కొంచెం.

అందుకే కింద వేలాడే తీగ, అంటే కౌంటర్‌పాయిజ్, ఇక్కడ ప్రాణం. పైన ఏరియల్‌లో ఎంత కరెంటు పారుతుందో కింద తీగలోనూ అంతే పారుతుంది. ఆ తీగ పది మీటర్లుంటే అది కూడా ప్రసరిస్తుంది, తరచు ఏరియల్‌కంటే ఎక్కువే. నా మాటగా ఒకటి గుర్తుంచుకోండి: చేతి రేడియోకు మీరు కట్టేది యాంటెన్నాలో సగమే, మిగతా సగం కింద ఉంది. ఆ సగం వదిలేసినవాళ్లే "ఎవరికీ వినపడటం లేదు" అని ఫోన్ చేస్తారు.

## 2. సామాను

- టెలిస్కోపిక్ ఏరియల్, 1.5 మీటర్లది. కింద మర ఉన్నది చూసుకోండి.
- 25 మి.మీ. పీవీసీ పైపు ముక్క, 12 సెం.మీ. తెల్లది. రెండు ఎండ్ క్యాపులు.
- ఎనామిల్ రాగి తీగ, 21 గేజ్ (సుమారు 0.8 మి.మీ.), 50 గ్రాములు.
- బీఎన్‌సీ ప్లగ్ (రేడియో యాంటెన్నా సాకెట్‌లో తిప్పి బిగించేది). సీసీటీవీ సామాను అమ్మే షాపులో దొరుకుతుంది. అవి సాధారణంగా 75 ఓమ్‌లవి, కానీ ఈ ఫ్రీక్వెన్సీలో తేడా ఏమీ ఉండదు.
- సన్నని మల్టీస్ట్రాండ్ వైరు 11 మీటర్లు, ఆటో ఎలక్ట్రికల్ షాపుల్లో మీటర్ల లెక్కన ఇస్తారు.
- మొసలి క్లిప్పు, చిన్న నట్టు బోల్టులు, సోల్డరింగ్ ఐరన్, సన్న గరుకు కాగితం, ఎపాక్సీ.
- నానోవీఎన్ఏ, అంటే యాంటెన్నా ఏ ఫ్రీక్వెన్సీలో కుదురుతోందో తెర మీద చూపే చిన్న మీటరు. మీ దగ్గర లేకపోతే స్నేహితుడిది ఒక పూటకు అడిగి తెచ్చుకోండి. ఇది లేకుండా కాయిల్ చుట్టడం చీకట్లో సూదిలో దారం ఎక్కించడమే.

తీగ విషయంలో ఒక జాగ్రత్త. మన ఊళ్లలో మోటారు రీవైండింగ్ షాపులకు కొదవ లేదు. కానీ "మోటారు తీగ ఇవ్వండి" అంటే బోరు మోటారుకు చుట్టే ప్లాస్టిక్ పొర ఉన్న తీగ ఇస్తారు. అది లావుగా ఉండి చుట్ల లెక్క తప్పిస్తుంది. ఫ్యాన్లకు చుట్టే ఎనామిల్ తీగ కావాలని అడగండి. తూకం లెక్కన ఇస్తారు. ఒక కాయిల్‌కు పట్టే 5 మీటర్లు 23 గ్రాములు తూగుతుంది కాబట్టి 50 గ్రాముల్లో రెండు కాయిళ్లు వస్తాయి.

డ్రిప్పు లేటరల్ పైపు ఇంట్లో పడి ఉందని దాని మీద చుట్టకండి. అందులో కార్బన్ నలుపు కలుస్తుంది, నష్టం పెరగొచ్చు. కౌంటర్‌పాయిజ్‌ను చుట్టి పెట్టుకోవడానికి మాత్రం అది బాగా పనికొస్తుంది.

లైసెన్సు సంగతి కూడా ఇక్కడే. అమెచ్యూర్ స్టేషన్ లైసెన్సు, కాల్‌సైన్ (గాలిలో మీ స్టేషన్ పేరు) చేతికి వచ్చేదాకా పీటీటీ (మాట పంపే బటన్) నొక్కకండి. యాంటెన్నా కట్టడం, నానోవీఎన్ఏతో ట్యూన్ చేయడం ఆలోగా నేర్చుకోవచ్చు.

## 3. కాయిల్ చుట్టడం

1.5 మీటర్ల ఏరియల్‌కు 15 పికోఫారడ్ల కెపాసిటెన్స్ ఉంటుందనుకుందాం. 7.1 మెగాహెర్ట్జ్‌లో దానికి సరిపడే కాయిల్ సుమారు 33 మైక్రోహెన్రీలు. 25 మి.మీ. పైపు మీద 0.8 తీగతో దగ్గర దగ్గరగా చుడితే 55 చుట్ల ప్రాంతంలో వస్తుంది. 60 చుట్టండి. ఎక్కువ చుట్టి తీసేయడం సులభం, తక్కువైతే మళ్లీ మొదటికి వస్తుంది.

ఏరియల్ ఒక మీటరుదే దొరికితే 75 చుట్లు కావాలి. 14 మెగాహెర్ట్జ్‌కైతే 1.5 మీటర్ల ఏరియల్‌కు 20 చుట్లు చాలు, 24 చుట్టి తగ్గించుకుంటూ రండి.

చుట్టే పద్ధతి ఇదీ:

1. పైపుకు కింది అంచు నుంచి 3 సెం.మీ. వదిలి రెండు చిన్న బెజ్జాలు వేయండి. తీగ కొస అందులోంచి దూర్చి, లోపలికి 10 సెం.మీ. వదలండి.
2. తీగ రెండో కొసను తలుపు గొళ్లేనికి కట్టండి. తీగ బిగువుగా ఉండేలా వెనక్కి జరిగి, పైపును మీ వైపు తిప్పుకుంటూ తలుపు దగ్గరికి నడవండి. తీగను పైపు చుట్టూ తిప్పకండి, పైపునే తిప్పండి. చుట్లు ఒకదాని పక్కన ఒకటి పేర్చినట్టు కూర్చుంటాయి.
3. ప్రతి పది చుట్లకు స్కెచ్ పెన్నుతో గుర్తు పెట్టండి. 60 చుట్లయ్యేసరికి కాయిల్ 5 సెం.మీ. పొడవు ఉంటుంది.
4. పై కొసను తాత్కాలికంగా టేపుతో ఆపండి. వార్నిష్ ఇప్పుడే వేయకండి.

మధ్యలో చేయి వదిలితే స్ప్రింగులా మొత్తం ఊడుతుంది. ఆ పది నిమిషాలు ఫోన్ పక్కన పెట్టేయండి.

## 4. బిగించడం

కింది క్యాపులో బీఎన్‌సీ ప్లగ్‌ను ఎపాక్సీతో కదలకుండా నిలపండి. దాని మధ్య పిన్నుకు కాయిల్ కింది కొస. ప్లగ్ బయటి లోహానికి చిన్న తీగ సోల్డర్ చేసి, క్యాపు పక్కన ఒక బోల్టుకు తెచ్చి కట్టండి. కౌంటర్‌పాయిజ్ తగిలించేది ఆ బోల్టుకే.

పై క్యాపులో ఏరియల్ బోల్టు. కాయిల్ పై కొస దానికి.

ఎనామిల్ తీగను సోల్డర్ చేసే ముందు కొసను గరుకు కాగితంతో ఎర్రగా మెరిసేదాకా గీకండి. పైకి అంటుకున్నట్టు కనిపించి లోపల ఎనామిల్ మిగిలిపోయిన జాయింట్ల వల్ల పోయిన సాయంత్రాలు లెక్కలేనన్ని. మల్టీమీటర్ పెట్టి కింది పిన్ను నుంచి ఏరియల్ కొస దాకా కంటిన్యుటీ చూడండి. మధ్య పిన్నుకూ బయటి లోహానికీ మధ్య కంటిన్యుటీ ఉండకూడదు.

## 5. కౌంటర్‌పాయిజ్

పొడవుకు సులువైన లెక్క: 71ని మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే మీటర్లు వస్తాయి. 7.1కి 10 మీటర్లు, 14.2కి 5 మీటర్లు. ముందు పదిన్నర కోసి, తరువాత కొస మడుస్తూ తగ్గించండి. కోయకండి, వెనక్కి మడిచి తీగ మీదే మెలేయండి.

ఎక్కడ పరుస్తారన్నదే అసలు విషయం. నేల మీద పడేస్తే రిజొనెన్స్ కిందికి జారిపోతుంది, నష్టం పెరుగుతుంది. అనంతపురం ఎర్ర గరుసు నేల ఎండాకాలంలో ఒక రకంగా, కర్నూలు వైపు నల్లరేగడి వాన పడ్డాక మరో రకంగా నడుస్తాయి. ఉదయం పొడి నేల మీద సరిపోయిన తీగ, సాయంత్రం జల్లు తర్వాత సరిపోదు.

కాబట్టి నడుము ఎత్తున లేపండి. కంప చెట్టు కొమ్మ, రాతి కూసం, పక్కన నిలబెట్టిన సైకిల్ సీటు, ఏదైనా సరే. కంచె ఇనుప తీగకు మాత్రం దూరంగా, దాని వెంబడి సమాంతరంగా పోకుండా చూడండి.

నేల మీద తప్ప వీలు లేకపోతే ఒక్క పొడవు తీగ బదులు 4 మీటర్ల తీగలు నాలుగు, నాలుగు దిక్కులకు పరవండి. అప్పుడు పొడవు పెద్దగా పట్టించుకోనక్కర్లేదు.

## 6. నానోవీఎన్ఏ సిద్ధం చేయడం

- రేంజ్ 5.5 నుంచి 8.5 మెగాహెర్ట్జ్‌కు పెట్టండి.
- దానితో వచ్చే ఓపెన్, షార్ట్, లోడ్ ముక్కలు మూడూ ఒక్కొక్కటిగా పెట్టి క్యాలిబ్రేట్ చేయండి. రేంజ్ మార్చినప్పుడల్లా మళ్లీ చేయండి.
- యాంటెన్నాను అడాప్టర్‌తో నేరుగా తగిలించండి. మధ్యలో కోయాక్స్ (లోహపు తొడుగున్న కేబుల్) వద్దు. కోయాక్స్ పెడితే దాని పైతొడుగే కౌంటర్‌పాయిజ్‌గా మారి, మీకు కనిపించే డిప్ (తెర మీద గీత కిందికి దిగే చోటు, రిజొనెన్స్ గుర్తు) దానిదే అవుతుంది.
- యూఎస్‌బీ కేబుల్ తీసేయండి. బ్యాటరీ మీదే నడపండి.
- ఇంట్లోనూ, మిద్దె మీదా తుది ట్యూనింగ్ చేయకండి.

చివరి మాట అనుభవం మీద చెబుతున్నాను. ఒక రాత్రి మా మిద్దె మీద కూర్చుని ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా నుంచి పవర్ ఎంత వెనక్కి వస్తోందో చెప్పే అంకె, 1 అయితే అసలు రానట్టు) 1.1కి తెచ్చి, కాయిల్‌కు వార్నిష్ కూడా వేసేశాను. తెల్లారి ఊరి బయట శనక్కాయ చేను గట్టు మీద నిలబడి చూస్తే 3 దాటింది. మిద్దె స్లాబులోని ఇనుప కమ్మీలు రాత్రంతా నా కౌంటర్‌పాయిజ్‌తో కలిసి పని చేశాయన్నమాట. వాడేచోటే ట్యూన్ చేయాలి, అంతే.

## 7. ట్యూనింగ్, ఈ వరుసలోనే

మొదటి అడుగు: ఉజ్జాయింపు. ఏరియల్ పూర్తిగా లాగి, కౌంటర్‌పాయిజ్ పరిచి డిప్ ఎక్కడుందో చూడండి. 60 చుట్లతో 6.6, 6.7 దగ్గర కనిపించాలి. పై నుంచి ఒక చుట్టు తీస్తే సుమారు 80 నుంచి 100 కిలోహెర్ట్జ్ పైకి జరుగుతుంది. 6.95 దాకా తీసుకొచ్చి ఆగండి.

రెండో అడుగు: చేతి పరీక్ష. చాలామంది దాటవేసేది ఇదే. నానోవీఎన్ఏ పెట్టెను ఒక చెక్క స్టూలు మీద పెట్టి డిప్ చూడండి. ఇప్పుడు రేడియోను పట్టుకున్నట్టు దాన్ని గుప్పిట్లో పట్టుకోండి. డిప్ 50, 100 కిలోహెర్ట్జ్ కదిలిందంటే కౌంటర్‌పాయిజ్ పని చేయట్లేదు, మీ ఒళ్లే కౌంటర్‌పాయిజ్ అవుతోంది. తీగను 20 సెం.మీ. చొప్పున మడుస్తూ, విప్పుతూ ఉండండి. చేయి పెట్టినా తీసినా డిప్ దాదాపు కదలని పొడవు ఒకటి దొరుకుతుంది. అదే సరైన పొడవు. అక్కడ పెట్టె దగ్గర వోల్టేజీ అతి తక్కువగా ఉంటుంది కాబట్టి చేయి తగిలినా ప్రభావం ఉండదు.

ఆ పొడవు కాగితం మీద వచ్చిన 10 మీటర్లు కాకపోవచ్చు. తొమ్మిదిన్నర అయినా ఆశ్చర్యపడకండి. తీగ తొడుగు, నేల దగ్గరతనం రెండూ దాన్ని తగ్గిస్తాయి.

మూడో అడుగు: మళ్లీ కాయిల్. కౌంటర్‌పాయిజ్ మారితే డిప్ జరుగుతుంది. ఏరియల్ పూర్తిగా లాగినప్పుడు డిప్ 7.0కి కొంచెం కింద ఉండేలా చుట్లు సర్దండి. అప్పుడు ఏరియల్‌ను లోపలికి నెడుతూ బ్యాండు మొత్తం తిరగొచ్చు.

నాలుగో అడుగు: ఏరియల్ పొడవు. 1 సెం.మీ. నెడితే 20 కిలోహెర్ట్జ్ అటూ ఇటూగా పైకి పోతుంది. మొత్తం 200 కిలోహెర్ట్జ్ బ్యాండుకు కావలసింది ఒక జానెడు కూడా కాదు. 7.030, 7.100, 7.150లకు ఏరియల్ మీద ఎక్కడ ఆపాలో స్కెచ్ పెన్నుతో గీతలు పెట్టుకోండి.

ఐదో అడుగు: వార్నిష్. ఇప్పుడు వేయండి. ఫ్యాన్ వైండింగ్ వార్నిష్ పలచగా ఒక పూత. ఆరాక డిప్ కాస్త కిందికి జరుగుతుంది, గీతలు సరిచూసుకోండి.

ఆరో అడుగు: అసలు రేడియో. నానోవీఎన్ఏ కంటే రేడియో పెద్దది కాబట్టి కొద్ది తేడా వస్తుంది. పవర్ తక్కువకు పెట్టి, ఖాళీ ఫ్రీక్వెన్సీ విని చూసుకుని, రేడియో ఎస్‌డబ్ల్యూఆర్ మీటరుతో గీతలను ఆఖరుసారి సర్దండి.

## 8. ఎస్‌డబ్ల్యూఆర్ 2 దగ్గరే ఆగిపోతే

ఇది దోషం కాదు, మంచి గుర్తే. మొత్తం రెసిస్టెన్స్ 20 ఓమ్‌ల దగ్గరుందంటే నష్టాలు తక్కువన్నమాట. ఎస్‌డబ్ల్యూఆర్ 2.5 చూపిస్తుంది. ఏమీ చేయకుండా 1.1 వచ్చిందంటేనే అనుమానించండి, ఎక్కడో 30 ఓమ్‌లు వేడిగా పోతున్నాయి.

20 ఓమ్‌లను 50కి తేవడానికి బీఎన్‌సీ మధ్య పిన్నుకూ బయటి లోహానికీ మధ్య చిన్న కాయిల్ ఒకటి పెట్టాలి. 7 మెగాహెర్ట్జ్‌కు సుమారు 0.9 మైక్రోహెన్రీ, అదే 25 మి.మీ. పైపు మీద నాలుగున్నర, 5 చుట్లు. 14కి 3 చుట్లు. దీన్ని వేరే ముక్క మీద చుట్టి, పెద్ద కాయిల్‌కు అడ్డంగా ఉండేలా పెట్టండి. ఒకే పైపు మీద పక్కపక్కన పెడితే రెండూ కలిసిపోయి లెక్క అందదు.

ఇది పెట్టాక డిప్ కిందికి జరుగుతుంది. ఏరియల్‌ను కొద్దిగా లోపలికి నెడితే సరిపోతుంది. ఇక మధ్య పిన్నుకూ బయటి లోహానికీ మధ్య కంటిన్యుటీ కనిపిస్తుంది, కంగారు పడకండి.

సరిగ్గా కుదిరిన యాంటెన్నా 2 ఎస్‌డబ్ల్యూఆర్ లోపు 60, 70 కిలోహెర్ట్జ్ మాత్రమే ఇస్తుంది. బ్యాండంతా ఒకే పొడవుతో పని చేస్తోందంటే సంతోషించకండి.

## 9. నిజంగా ప్రసరిస్తోందా?

ఎస్‌డబ్ల్యూఆర్ ఈ ప్రశ్నకు జవాబు చెప్పదు. ఒక జెర్మేనియం డయోడు, 1 నానోఫారడ్ కెపాసిటర్, అర మీటరు తీగ రెండు ముక్కలు, మల్టీమీటర్ మిల్లీవోల్టుల రేంజ్‌లో. డయోడు, కెపాసిటర్‌లను వరుసగా కలపండి. ఆ జంట రెండు కొసలకు ఒక్కో తీగ ముక్క, డయోడు మీద మల్టీమీటర్. దీన్ని పది అడుగులు వేసి ఒక కర్రకు కట్టండి. ఏ మార్పు చేసినా అదే దూరంలో, అదే పవర్‌లో అంకె చూసి రాసుకోండి.

కౌంటర్‌పాయిజ్ లేకుండా ఒకసారి, తగిలించి ఒకసారి చూడండి. ఆ తేడా కళ్లారా చూశాక తీగను ఇంట్లో మరిచిపోయి ఎవరూ బయల్దేరరు.

## 10. తరచు వచ్చే తిప్పలు

డిప్ అసలు కనిపించట్లేదు. ఎనామిల్ సరిగా గీకలేదు, లేదా క్యాలిబ్రేషన్ పాత రేంజ్‌ది.

పీటీటీ నొక్కగానే మాట వణుకుతోంది, రేడియో రీసెట్ అవుతోంది. రేడియో పెట్టె మీదికి ఆర్ఎఫ్ (మనం పంపే రేడియో పవర్) వస్తోంది. రెండో అడుగుకు వెనక్కి వెళ్లండి. పవర్ బ్యాంకు, ఇయర్‌ఫోన్ తీగలు తీసి చూడండి.

నిన్న బాగుంది, ఈ రోజు 100 కిలోహెర్ట్జ్ కిందికి పోయింది. కౌంటర్‌పాయిజ్ నేలకు తగులుతోంది, లేదా కాయిల్ మీద మంచు, చెమట. తుడవండి.

వేలు చురుక్కుమంది. 5 వాట్లకే కాయిల్ పైకొసలో 700 వోల్టుల దాకా ఆర్ఎఫ్ ఉంటుంది. పంపేటప్పుడు ఏరియల్‌ను, కౌంటర్‌పాయిజ్ కొసను ముట్టకూడదు. చుట్టూ పిల్లలుంటే ముందే చెప్పండి.

వినికిడి అంతా గురగుర. పైన 11 కేవీ లైనుందేమో చూడండి. సోలార్ పంపుసెట్ కంట్రోలర్, ఎల్ఈడీ వీధి దీపం కూడా ఇలాగే చేస్తాయి. రెండు వందల మీటర్లు నడిస్తే చాలాసార్లు తగ్గిపోతుంది.

బీఎన్‌సీ వదులైంది. ఒకటిన్నర మీటర్ల ఏరియల్ గాలికి ఊగితే ఆ బరువంతా రేడియో సాకెట్ మీదే పడుతుంది. కాయిల్ పైపును రేడియో పెట్టెకు వెల్క్రో పట్టీతో కట్టండి. గాలి ఎక్కువైతే ఏరియల్‌ను మడవండి.

ఎండ గురించి ఒక మాట. ఏప్రిల్, మే నెలల్లో పీవీసీ టేపు జిగురు కరిగి కారుతుంది, చుట్లు జారుతాయి. టేపు బదులు వార్నిష్, హీట్‌ష్రింక్ వాడండి.

## 11. బయల్దేరే ముందు

- కౌంటర్‌పాయిజ్, మొసలి క్లిప్పు
- గీతలు పెట్టిన ఏరియల్
- వెల్క్రో పట్టీ, కొంచెం నైలాన్ తాడు
- లైసెన్సు నకలు
- నీళ్లు, టోపీ
- ఆకాశం వైపు ఒక చూపు

ఆఖరిది ఊరికే రాయలేదు. ఎండాకాలం సాయంత్రాలు మన కొండల మీద మబ్బు ఎంత తొందరగా కమ్ముతుందో మీకు తెలుసు. దూరంగా ఉరుము వినపడితే ఏరియల్ దించి కిందికి రండి. మాట మధ్యలో ఆగిపోయినా ఫర్వాలేదు.

## 12. చెట్టు దొరికితే

ఒకచోట గంటసేపు కూర్చునే పనైతే ఏరియల్ సంచిలోనే ఉంచండి. 20 మీటర్ల తీగ, 49:1 ట్రాన్స్‌ఫార్మర్ పట్టుకెళ్లి, కొసను వేపచెట్టు మీదికి విసరండి. ట్రాన్స్‌ఫార్మర్‌కు ఎఫ్‌టీ140-43 టొరాయిడ్ (ఫెర్రైట్ ఉంగరం) మీద ప్రైమరీ 2 చుట్లు, సెకండరీ 14, ప్రైమరీకి అడ్డంగా 100 పికోఫారడ్ కెపాసిటర్. 7లోనూ 14లోనూ అదే తీగ పలుకుతుంది. తీగ విసిరే ముందు చెట్టు పక్కన కరెంటు లైను లేదని రెండుసార్లు చూసుకోండి. చేతి ఏరియల్‌తో వినపడనివాళ్లు దీనితో మొదటి పిలుపుకే పలకడం చాలాసార్లు చూశాను. నడుస్తూ మాట్లాడాలన్నా, చెట్టు లేని గుట్ట ఎక్కినా మాత్రం పైన చెప్పిన కాయిలే దిక్కు.